పొయ్యిలామె చెయ్యి

ఆర్మూర్ అంగట్లో చింతపండు బేరమాడుతుంటే, ఆలూర్ వైపు నుంచి వచ్చి అమ్ముకునే ఒకావిడ తూకం ఆపకుండానే చెప్పింది. "మీ దిక్కు పసుపు పొయ్యిలు మంచిగజేసేటామె ఉండె గద అమ్మా. గామె పోయింది. పది దినాలైంది." కొసరు వేసి, పొట్లం కట్టి చేతిలో పెట్టింది. నేను ఆ పొట్లం పట్టుకుని ఎటు నడవాలో తెలియక కాసేపు అక్కడే నిలబడ్డాను. పది రోజులు నేను వేళకు తిన్నాను, పడుకున్నాను, ఆడపిల్లలకు జడలు వేశాను. ఆమె పోయిన సంగతి నాదాకా రాలేదు. వస్తే వెళ్లేదాన్నా అని ఇప్పుడు అడుగుతున్నారేమో. అదే నన్ను నేనూ అడుక్కుంటున్నాను.

ఆమె పేరు నాకు తెలుసు, కానీ రాయను. రాస్తే ఎవరి బిడ్డ, ఏ ఇంటి కోడలు అని మొదలుపెడతారు జనం. చుట్టుపక్కల ఊళ్లలో ఆమెను పొయ్యిలామె అనే పిలిచేవాళ్లు. ఆ పేరుతో పిలిస్తే పలికేది, అదే చాలు.

మా వైపు పసుపు పొయ్యి అంటే వంటింట్లో ఉండేది కాదు. చేను గట్టున ఇటుకా మట్టీ పెట్టి నడుమెత్తు గోడలతో కడతారు. ఒక వైపు మంట పెట్టడానికి మూతి, ఎదురు వైపు పొగ పోవడానికి తూము. పైన మనిషి కాళ్లు చాపుకుని పడుకోగలిగేంత ఇనుప కడాయి. తవ్విన పచ్చి పసుపును అందులో ఉడికించి, కల్లంలో ఎండబెట్టి, ఆ తర్వాతే అంగడికి తోలుతారు. ఏడాదిలో రెండు నెలలు మండి, పది నెలలు ఆ పొయ్యి ఊరికే పడి ఉంటుంది. వానలకు నానుతుంది, ఎండలకు బిగుసుకుంటుంది. తవ్వకాలు మొదలయ్యే నాటికి గోడలనిండా పగుళ్లే. మా వాళ్లు వాటిని పర్రెలంటారు.

పర్రె ఉంటే ఏమవుతుందని అడిగి, కాపురానికి వచ్చిన కొత్తలో నేను అందరి ముందూ నవ్వులపాలయ్యాను. మా పుట్టిల్లు వేల్పూర్ దగ్గరే అయినా మాకు వరి తప్ప పసుపు తెలియదు. మా అత్తగారు ఓపిగ్గా చెప్పింది. వేడి పగులు గుండా బయటికి పోతుందట, కడాయిలో ఒక పక్క ఉడికి ఒక పక్క ఉడకదట, ఉడకని కొమ్ము ఎండాక లోపల డొల్లవుతుందట, అంగట్లో కొనేవాడు విరిచి చూసి మూతి తిప్పుకుంటాడట. గోడ దగ్గర కూర్చుని ఉన్న పొయ్యిలామె ఇదంతా విని, తల తిప్పకుండానే అంది. "అగ్గి తోవ ఎతుకుతది బిడ్డా. మనం సూపెట్టకపోతే అదే సూసుకుంటది." ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది. ఎనభైల మొదట్లో, నాకు ఇరవై నిండని రోజుల్లో.

మోకాళ్ల దాకా ఎగ్గట్టిన చీర, బొట్టు లేని నుదురు, చెంపలో ఎప్పుడూ కొంచెం పొగాకు. చేతిలో మూరెడు ఇనుప చువ్వ, చెంగులో మూటగట్టిన సత్తు గ్లాసు. ఎవరింట్లో చాయ్ పోసినా ఆ గ్లాసులోనే తాగేది. ఎందుకని ఒకసారి అడిగితే, "మీ గిలాసలు మీరు కడుక్కునే తిప్పలెందుకు" అంది. అందులో కోపం ఉందో వెటకారం ఉందో నాకు పట్టుబడలేదు. ఏ చేనుకు వచ్చినా మనుషుల బాగోగులు తర్వాత. ముందు "పొయ్యి ఎట్లున్నది?" అని అడిగేది. ఇంట్లో పెళ్లి జరిగినా, మనిషి పోయినా, పలకరింపు పొయ్యి తర్వాతే. మా అత్తగారు దీనికి చాటుగా ఉడుక్కునేది. "దానికి మనకంటే పొయ్యే చుట్టం" అనేది.

ఆమె పని చేస్తుంటే చూడాలి. ముందు గోడకు చెవి ఆనించి చువ్వతో అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోయేది. మనకు అంతా ఒకటే చప్పుడు. ఆమె ఒకచోట ఆగి వేలితో గీత గీసేది, అక్కడ లోపల డొల్ల అన్నమాట. ఆ తర్వాత పగులును పూడ్చడానికి బదులు ఇంకా వెడల్పు చేసేది. చువ్వ పెట్టి గీకి, కాలిన మట్టంతా ఊడ్చి, వేలు పట్టని చోట చెయ్యి పట్టేంత చేసేది. మొదటిసారి అది చూసి మా మామకు గుండె ఆగినంత పనైంది.

"పూడుస్తవని పిలిపిస్తే తవ్వుతున్నవేందే?" అన్నాడు.

"మీద మీద మెత్తితే మీకు సంబురమే పటేలా. అగ్గికి గూడ సంబురమే" అంది ఆమె, చెయ్యి ఆపకుండా.

మా మామ చెడ్డవాడు కాదు. అది ముందే చెప్పి పెట్టాలి, తర్వాత నమ్మరు. పొద్దున లేస్తే గొడ్ల నుంచి కూలీల దాకా అందరి కడుపూ నిండిందా అని చూసే మనిషి. కాకపోతే ఆయన చేలో ఆయనకు ఎదురు చెప్పే గొంతు వినడం ఆయనకు అలవాటు లేదు.

చెరువు మట్టి, జల్లించిన బూడిద, వడ్ల ఊక. ఇవి రెండు రోజులు నానాలి. తొక్కి తొక్కి చేసిన ముద్దలోంచి కాస్త తీసి, తాడులా పేని, వేలికి ఉంగరంలా చుట్టేది. చిట్లితే మళ్లీ ఊక, మళ్లీ తొక్కుడు. చిట్లకపోతే అప్పుడు పగులును నీళ్లతో తడిపి, ముద్దను లోపలికంటా అరచేతి మొదలుతో ఒత్తేది. ఆ ఒత్తడంలో భుజం నుంచి బలం వచ్చేది, మాట వచ్చేది కాదు. అయ్యాక పొయ్యిలో పచ్చి ఆకు వేసి పొగ పెట్టి, మూతీ తూమూ మూసి, చుట్టూ తిరిగేది. ఎక్కడా పొగ రాకపోతే "పట్టుకున్నది" అనేది. అయిపోయింది అనే మాట ఆమె నోట నేను వినలేదు.

అయినా అప్పుడే మంట పెట్టనిచ్చేది కాదు. రెండు రోజులు ఆరాలి. మూడో రోజు ఎండుటాకుతో కొంచెం మంట పెట్టేది. దాన్ని పిల్లమంట అనేది. "ముంగట పిల్లమంట, ఎనుక పెద్దమంట. గోడ నిమ్మలంగ ఎండాలె" అనేది. మొదటి కడాయి దిగేదాకా ఆ గట్టు మీదే కూర్చునేది. మా అత్తగారు అన్నం పంపితే దూరం జరిగి తినేది గాని, కళ్లు మాత్రం పొయ్యి మీదే ఉండేవి.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్తాను.

కడాయి మా ఒక్కరిదే కాదు. ఏడు ఇళ్లు కలిసి కొన్నది. ఒక్కో ఇంటికి మూడు రోజుల వంతు. నాలుగో రోజు పొద్దున తరువాతి వాళ్లు బండి కట్టుకుని వచ్చి కడాయిని తమ పొయ్యికి తీసుకెళ్తారు. ఇంకొక్క పూట ఆగండి అని అడిగే అలవాటు ఏ ఇంటికీ లేదు, ఎందుకంటే వాళ్ల పసుపు కూడా వాళ్ల చేలో కుప్పపడి ఉంటుంది. వంతు పోగొట్టుకున్నవాడు చివరికి పోవాలి. అప్పటికి కుప్పలో కొమ్ములు మొలకెత్తుతాయి, అడుగున కుళ్లుతాయి. కాబట్టి మా ఊళ్లో ఏ రైతైనా వంతు రోజున వాన పడినా, ఇంట్లో జ్వరమొచ్చినా మంట పెడతాడు. వంతు అనే మాట ముందు ఇంకే మాటా నిలవదు.

నేను ఇంకా కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో ఒక ఏడాది, మా వంతు మొదటి రోజు పొద్దున కడాయి ఎక్కిస్తుంటే మూతి పక్క గోడ అంచు నుంచి నేల దాకా విచ్చుకుంది. పొయ్యిలామెకు కబురు పోయింది. ఆమె ఎడ్లబండి మీద వచ్చి, చూసి, పనిలో దిగింది. ఏదో ఊళ్లో ముందే నానబెట్టుకున్న మట్టిని గోనెలో తెచ్చింది. పొద్దు వాలేసరికి గోడ నిండింది.

మర్నాడు పొద్దెక్కాక మా మామ వచ్చి పూత మీద చెయ్యి పెట్టాడు. మా ఆయన పోచంపాడ్ కాలువ పనుల మీద ఉండి వారానికోసారి వచ్చేవాడు, అప్పుడు లేడు. కూలీలు దూరంగా కుప్ప దగ్గర ఉన్నారు. పొయ్యి దగ్గర మేం ముగ్గురమే.

"ఎండింది. పెట్టుండ్రి మంట" అన్నాడు మామ.

"మీద ఎండింది పటేలా. లోపట పచ్చిగున్నది. రేపటిదాకన్న ఆగుండ్రి."

"రేపొక్క దినమే ఉన్నది నాకు. ఎల్లుండి కడాయి పోతది. పసుపును నీ ఇంటికి తోల్కపోతవా?"

ఆమె చువ్వ తీసుకుని పూతలోకి నెమ్మదిగా దింపి, బయటికి లాగి, మా ఇద్దరి ముందూ పెట్టింది. చువ్వ కొసకు వేలెడు మేర తడి మట్టి అంటి ఉంది. నేను చూశాను. మామ కూడా చూశాడు.

"గింత తడి అగ్గికెంత సేపు" అని ఆయన నావైపు తిరిగి, "నువ్వు మూతి కాడ కూసోని బెండ్లెయ్యి" అన్నాడు. మక్కజొన్న కంకులు వలిచాక మిగిలే బెండ్లే మా వంటచెరకు.

ఆమె అప్పుడు ఇంటికి వెళ్లిపోవచ్చు. వద్దని చెప్పింది, వాళ్లు వినలేదు, బాధ్యత తీరింది. ఇంకెవరైనా పోయేవాళ్లే. ఆమె చువ్వ తుడుచుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది. "పోవా అవ్వా?" అన్నాను. "గోడ మీద నా చెయ్యున్నది. ఇడిసి ఎట్ల పోత బిడ్డా" అంది.

మొదటి కడాయి బాగానే దిగింది. మామ మీసం దువ్వుకుంటూ మా ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు. రెండో కడాయి ఉడుకు పట్టే వేళ పూత లోంచి సన్నగా ఆవిరి రావడం మొదలైంది. ఆమె లేచి నిలబడింది. నేను ఇంకో గంపెడు బెండ్లు తోయబోతున్నాను. ఆమె నా జడ పట్టుకుని వెనక్కి లాగింది. నేను వెల్లకిలా పడటం, గోడ కూలడం, కడాయి ఒరగడం ఒక్కసారే అయ్యాయి. మరిగే పసుపు నీళ్లు నేను కూర్చున్న చోటు మీదుగా పారాయి. అక్కడ నేను లేను, ఆమె ఎడమ కాలు ఉంది.

కుప్ప దగ్గరి వాళ్లు, పక్క చేల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆమె నేల మీద కూర్చుని పాదాన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది. అరవలేదు. మామ ఒరిగిన కడాయినీ, బురదలో పడ్డ పసుపునూ చూశాడు. వచ్చినవాళ్లలో ఎవరో "ఎట్లైందే?" అన్నారు.

"చేసినామె చెయ్యి మంచిగలేదు. నమ్మి పని జెప్తే గిట్ల జేసింది" అన్నాడు మామ.

ఆమె తలెత్తి నావైపు చూసింది. నేను చెప్తాననే అనుకుంది, ఆ చూపులో ఏ అనుమానమూ లేదు. నా జడ ఇంకా ఆమె పట్టుకు చెదిరే ఉంది. నేను కొంగు నోట్లో కుక్కుకుని కడాయి వైపు తిరిగాను.

కొత్త కోడలివి, మామ ముందు నోరెలా విప్పుతావు అని తర్వాత నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. మా ఆయనకూ చెప్పలేదు, అత్తకూ చెప్పలేదు. దవాఖానకు బండి కట్టించారు, మందులిప్పించారు, ఆ విషయంలో మామ లోటు చేయలేదు. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. తరువాతి ఏడు ఆమెను ఎవరూ పిలవలేదు. ఆ పై ఏడూ పిలవలేదు. పొయ్యి కూలిందంటే మనిషి ప్రాణం మీదికొచ్చే పని. చెయ్యి మంచిది కాదన్న పేరు పడ్డాక ఏ ఇల్లాలు తన పిల్లల్ని ఆ గోడ పక్కన కూర్చోబెడుతుంది? వాళ్లనూ అనడానికి లేదు. మా మామ అబద్ధమాడే మనిషి కాదని పది ఊళ్లకూ తెలుసు. అందుకే ఆ ఒక్క అబద్ధం అంత బాగా చెల్లింది.

మధ్యలో ఒక్కసారి ఆమెను చూశాను. ఆర్మూర్‌లో బీడీలు అప్పజెప్పే చోట ఆడవాళ్లు చాటలు పట్టుకుని వరసలో కూర్చున్నారు. ఆమె కూడా ఉంది, ఒళ్లో బీడీ కట్టలు. ఎడమ పాదం మీద చర్మం తెల్లగా ముడతలు పడి ఉంది. తప్పుకుని పోదామనుకున్నాను, కానీ అప్పటికే చూసింది.

"పొయ్యి ఎట్లున్నది?" అంది.

"మంచిగున్నది అవ్వా" అన్నాను. అది కూడా అబద్ధమే. మామ పట్నం మేస్త్రీతో సిమెంటు పెట్టించాడు. వేడికి అది పెళ్లలు పెళ్లలుగా ఊడింది. ఏటా పెట్టించడం, ఏటా ఊడటం.

"మంచిది" అని ఆమె చాటలోకి చూసుకుంది.

తొమ్మిదేళ్లు ఇలాగే గడిచాయి. అత్తగారు పోయింది, ఇంటి తాళాలు నా నడుముకు వచ్చాయి. మామ ముసలివాడైపోయాడు, మాట తగ్గింది. ఆ ఏడు వంతు ఇంకా వారం ఉందనగా సిమెంటు గోడ మొత్తంగా పడిపోయింది. ఆయనకు అన్నం వడ్డిస్తూ, "పొయ్యిలామెను పిలిపిస్తున్న మామా" అన్నాను. ఆయన సరేననలేదు, వద్దనలేదు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మట్టి నేనే నానబెట్టాను, నేనే తొక్కాను. ఆమె చెప్పినట్టే రెండు రోజులు. ఆ తొక్కుతున్నంతసేపూ నా మనసు ఎంత తేలికపడిందంటే, పాపం అప్పటికే తీరిపోయినట్టు అనిపించింది. నా తెలివి అంత.

ఆమె బస్సు దిగి కుంటుకుంటూ వచ్చింది. చేతిలో చువ్వ లేదు. నేను అప్పుడే గ్రహించాల్సింది. పొయ్యి చుట్టూ ఇటుకలు చేరవేసే కూలీలు, కడాయి పంచుకునే ఇళ్లవాళ్లు ఐదారుగురు ఉన్నారు. మామ చెట్టు నీడలో మంచం మీద ఉన్నాడు. ఆమె మట్టి గుంత పక్కన కూర్చుంది గాని చెయ్యి పెట్టలేదు.

"పటేలా, పొయ్యి ఎందుకు పడ్డదో జెప్పుండ్రి" అంది.

"పాత గోడ. సిమెంటు పట్టలే" అన్నాడు మామ.

"గిప్పటిది గాదు. గప్పటిది."

మామ లేచి, బిందె ఎత్తుకొచ్చి గుంతలో నీళ్లు పోశాడు. ఆయన ఒకరి పనికి నీళ్లు మోయడం నేను ఎన్నడూ చూడలేదు. అక్కడున్న ఎవరూ చూసి ఉండరు. ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

"నీళ్లు కూలోళ్లు గూడ పోస్తరు పటేలా. మాట మీరే జెప్పాలె" అంది ఆమె.

నాకు ఉండబట్టలేదు. "అవ్వా, నేను చూసిన. నువ్వు చువ్వ పెట్టి తడి చూపెట్టినవు. నేను..."

"నువ్వాగు బిడ్డా. నీ వంతు గప్పుడుండె."

ఆమె ఆ మాట మెల్లగానే అంది. నేను ఆగిపోయాను. ఈనాటికీ ఆ మాట దగ్గరే ఆగి ఉన్నాను.

మామ బిందె కింద పెట్టాడు. నేల చూస్తూ, "మట్టి పచ్చిగున్నది, ఆగుమని జెప్పింది. నేనే ఇనలే" అన్నాడు.

"ఆళ్లకు ఇనవడలే" అంది ఆమె, నిలబడ్డవాళ్ల వైపు చూపించి.

ఆయన వాళ్ల వైపు తిరిగాడు. "చువ్వ పెట్టి మరీ సూపెట్టింది. నా వంతు పోతదని నేనే అగ్గి పెట్టిచ్చిన. నా కోడల్ని గూడ గీమెనే బతికిచ్చింది. గీమె చెయ్యి తప్పు లేదు. ఆనాడు నేను అబద్ధం జెప్పిన" అన్నాడు. ఈసారి గట్టు అవతలున్న వాళ్లకు కూడా వినబడింది.

ఆమె తలాడించింది. అప్పుడు గుంతలో చేతులు పెట్టింది. ముద్ద తీసుకుని, మేం కొత్తగా పేర్చిన ఇటుకల సందులో పెట్టి, అరచేతి మొదలుతో ఒత్తింది. ముద్ద జారి కింద పడింది. మళ్లీ తీసి మళ్లీ ఒత్తింది. భుజం నుంచి రావాల్సిన బలం రాలేదు. మూడోసారి తియ్యలేదు. బిందెలో మిగిలిన నీళ్లతో మోచేతుల దాకా కడుక్కుంది.

"మట్టి మంచిగ తొక్కినవు బిడ్డా" అని నాతో అంది. తర్వాత మామ వైపు తిరిగింది. "తొమ్మిదేండ్లు బీడీలు సుట్టినయి గీ చేతులు. గిప్పుడు నేను పెడితే గీ గోడ మల్ల పడుతది. గప్పుడు నిజంగనే నా తప్పైతది పటేలా."

చేతులు చెంగుకు తుడుచుకుని లేచింది. రెండు గంటల బస్సుకు ఆమెను ఎక్కించి వచ్చాను. ఆ ఏడు మా పసుపు పక్కవాళ్ల పొయ్యి మీద ఉడికింది.